ఒక పాత క్యాసెట్టు కోసం

మాది పలకల వూరు. తెలుగునాట ఎన్ని ఇళ్ళలోనో పిల్లలు ఓనమాలు దిద్దుకున్న పలకలు మా మార్కాపురం గనుల రాతితో చేసినవే. అటువంటి వూళ్ళో పుట్టి, తెలుగులో ఎం.ఏ. చదివి, కాలేజీలో పిల్లలకు ఛందస్సు చెప్పుకుంటూ నలభై అయిదు దాటిన మనిషి నడిబజారులో నిలబడి, "అబ్బాయ్, పాత వీడియోగేమ్ క్యాసెట్లు వున్నాయా?" అని అడిగితే ఎట్లా వుంటుందో చదువరులే వూహించుకోవచ్చు.

మొదటి దుకాణంవాడు నన్ను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి, దుమ్ము దులిపి, ఘంటసాల భగవద్గీత టేపు తెచ్చి చేతిలో పెట్టాడు. నా వయస్సుకు అదే తగినదనుకున్నాడు గావును. రెండో దుకాణంవాడు, "ఇప్పుడన్నీ సెల్లులోనే గదా సార్, మీ పిల్లల్ని అడిగితే ఎక్కించి పెడతారు" అని సలహా చెప్పాడు. మూడో దుకాణంలో కౌంటరు వెనక వున్నది మా కాలేజీలో చదివి వెళ్ళిన కుర్రవాడు. "మాష్టారూ, మీరు కూడానా!" అన్నాడు. తరువాత నాలుగు రోజులపాటు నేను క్లాసులోకి అడుగుపెట్టగానే వెనక బెంచీల్లో గుసగుసలు వినిపించాయి.

ఇంతకూ నాకీ వెతుకులాట ఎందుకు వచ్చిపడిందో చెప్పాలి. మా తమ్ముడు అమెరికాలో డల్లాసులో వుంటున్నాడు. సంక్రాంతినాడు ఫోను చేశాడు. వాడి కొడుకుకు పదేళ్ళు. "నాన్నా, నువ్వు చిన్నప్పుడు మీ వూళ్ళో ఏం ఆడుకునేవాడివి?" అని అడిగాడట. గోలీలూ బిళ్ళంగోడూ చెప్పి, వీడియోగేము కూడా ఆడేవాళ్ళమని చెబితే పిల్లవాడు నమ్మలేదట. "అన్నయ్యా, ఈ వేసవిలో మేమంతా వస్తున్నాం. ఒకసారి అటకమీద చూడు. అమ్మ స్టీలుగిన్నెకు వేసెయ్యగా మిగిలిందేమన్నా వుందేమో" అని పకపకా నవ్వాడు. ఫోను అందరికీ వినపడేట్టు పెట్టి వుంది. పక్కన కూర్చున్న మా అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో తరువాత చెబుతాను.

ఏమిటీ క్యాసెట్టు?

దాని అసలు పేరు కార్ట్రిడ్జి. మన పిల్లలెవరూ ఆ పేరు పలికిన పాపాన పోలేదు. టేపురికార్డరులో పెట్టేదీ క్యాసెట్టే, దీనినీ క్యాసెట్టే అన్నారు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. పైన రంగుల బొమ్మ అంటించి వుంటుంది. కింది అంచున దువ్వెనపళ్ళలాగా సన్నని లోహపు పట్టీలు వరసగా వుంటాయి. టీవీకి తగిలించిన పెట్టెలో దానిని గుచ్చితే తెరమీద ఆట మొదలవుతుంది. ఆట వుండేది పెట్టెలో కాదు, క్యాసెట్టులో. ఒకటి తీసి మరొకటి పెడితే మరో ఆట అన్నమాట.

ఇట్లా ఆటను యంత్రంనుంచి విడదీసి, మార్చుకోవటానికి వీలైన డబ్బాలో పెట్టి అమ్మటం 1976లో అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీవారి 'చానల్ ఎఫ్'తో మొదలయింది. ఆ పనికి ముందు నిలిచిన ఇంజనీరు జెర్రీ లాసన్. ఏడేళ్ళ తరువాత, 1983 జూలైలో, జపానులో నింటెండో కంపెనీ 'ఫామికామ్' అనే ఎర్రతెల్ల రంగుల పెట్టెను బజారులోకి తెచ్చింది. దాని క్యాసెట్టుకు కింద అరవై పట్టీలు. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి, ముందు పనికివస్తుంది. అదే యంత్రం 1985లో వేషం మార్చుకుని అమెరికా వెళ్ళినప్పుడు క్యాసెట్టు పెద్దదయింది, పట్టీలు డెబ్భై రెండు అయినాయి. దానిది దీనికి పట్టదు, దీనిది దానికి పట్టదు.

మనదేశంలో 'సమురాయ్', 'లిటిల్ మాస్టర్' వంటి పేర్లతో ఈ తరహా పెట్టెలు వచ్చాయి. వాటి వెనకనే పేరూ వూరూ లేని నకళ్ళు వరదలాగా వచ్చిపడ్డాయి. ఈ సంగతి మన ఒక్కరిదే కాదు. రష్యాలో పిల్లలు 1992 మొదలు 'డెండీ' అనే నకలుతో ఆడుకున్నారు, చైనాలో 'సుబోర్'తో ఆడుకున్నారు. అసలు సరుకు రాకపోలేదు. 1995లో సెగా కంపెనీవారి మెగాడ్రైవ్ యంత్రాన్ని షా వాలెస్ కంపెనీ మనదేశంలో అమ్మింది. కాని ధర పద్ధెనిమిది వేల రూపాయలు. ఆ రోజుల్లో ఆ సొమ్ముతో మాబోటి ఇంట్లో ఒక చిన్న శుభకార్యం జరిగిపోయేది. అందుచేత మన మధ్యతరగతి పిల్లల చేతికి వచ్చినది నకలే. నేరం వాళ్ళది కాదు.

మా ఇంటికి అది 1994లో వచ్చింది. మా నాన్నగారు ఒక పలకల కంపెనీలో గుమాస్తా. కంపెనీ పనిమీద మద్రాసు వెళ్ళి, బర్మాబజారులో బేరమాడి పెట్టె కొన్నారు. పెట్టె ఇద్దరిదీ. దానితో వచ్చిన పసుపుపచ్చ క్యాసెట్టు మాత్రం మా తమ్ముడిది, ఎంచేతంటే నాలుగో తరగతిలో వాడు ఫస్టు వచ్చాడు, నేను తొమ్మిదో తరగతిలో లెక్కల్లో బొటాబొటిగా గట్టెక్కాను. క్యాసెట్టుమీద మీసాల మేరియో బొమ్మ, పక్కన '64 ఇన్ 1' అన్న అంకె. మా వాడు కంపాసు ముల్లుతో దాని వెనకవైపు తన పేరులో మొదటి అక్షరం గీసుకున్నాడు.

ముందు ఇల్లు, తరువాత బజారు

ఎవరికైనా ఇటువంటి పాత క్యాసెట్టు కావాలంటే నేను చెప్పే మొదటి మాట: బజారుకు పోకండి, అటక ఎక్కండి. మా అటకమీద సంక్రాంతి మరునాడే పెట్టె దొరికింది. ఎలకలు ఒక వైరు కొరికాయి గాని ప్రాణం వుంది. క్యాసెట్టు లేదు. అది అక్కడ వుండదని నాకు ముందే తెలుసు.

తరువాత చుట్టాలను అడగండి. మా బంధువర్గంలో పెళ్ళిళ్ళ ఫోటోలకూ శుభోదయాలకూ ఒక వాట్సాప్ గ్రూపు వుంది. అందులో ఈ ప్రశ్న వేశాను. అంతవరకూ ఏ సంగతికీ పలకని బావమరదులు కూడా పలికారు. కంభంలో మా పిన్ని ఇంట్లో రెండు, గిద్దలూరులో ఒక వేలువిడిచిన మేనమామ ఇంట్లో ఒకటి బయటపడ్డాయి. మూడూ చిలుము పట్టి పచ్చబడివున్నాయి. వాటిలో ఒకటి శుభ్రం చేస్తే పలికింది కాని, అందులో మేరియో లేడు.

మూడోది, పాత టీవీ మెకానిక్కుల దుకాణాలు. ఇవి చిన్న వూళ్ళలో ఇంకా మిగిలివున్నాయి. బాగుచేయమని ఇచ్చి తిరిగి రానివాళ్ళ సామాను ఆ దుకాణాలలో ఏళ్ళతరబడి పడివుంటుంది. నాలుగోది, పాత సామాన్ల వ్యాపారులు. "పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటాం" అని మైకులో అరిపించుకుంటూ వచ్చే ఆటోలో క్యాసెట్టుకు ప్లాస్టిక్ తూకమే. ఒకసారి అది చితక్కొట్టే యంత్రం దగ్గరకు పోయిందా, ఇక అంతే సంగతులు. వాళ్ళకు ముందుగా చెప్పివుంచితే తీసి పక్కన పెడతారు. నాకు అట్లా ఒకతను నాలుగు తెచ్చి ఇచ్చాడు. కిలో లెక్కన ఇస్తానన్నాడు, నేను ఒక్కొక్కదానికి యాభై ఇచ్చాను. తెలియనివాడి దగ్గర తెలిసినవాడు చవగ్గా కొట్టెయ్యటం గొప్ప అనుకునేవారు వున్నారు. నాకు అది నచ్చదు. అదీగాక, న్యాయమైన ధర ఇచ్చినవాడి గుమ్మానికే రెండోసారి సరుకు వస్తుంది.

పట్నం బజార్లలో

మార్చిలో పరీక్ష పేపర్ల పనిమీద హైదరాబాదు వెళ్ళవలసివచ్చింది. పని ఒక పూట, వెతుకులాట రెండు రోజులు. అబిడ్సులో జగదీష్ మార్కెట్టు, కోఠీలో గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామానుకు పేరుపడ్డ చోట్లు. జగదీష్ మార్కెట్టులో ఇప్పుడంతా సెల్‌ఫోన్ల రాజ్యం. పది దుకాణాలలో తొమ్మిదిమంది తల అడ్డంగా తిప్పారు. పదో అతను పెద్దవాడు. కుర్చీ జరిపి, కౌంటరు కింద చెయ్యిపెట్టి ఒక అట్టపెట్టె లాగాడు. గుజరాతీ గల్లీలో క్యాసెట్లకంటె వాటికి కావలసిన తీగలూ అడాప్టర్లూ తేలికగా దొరికాయి. మా పెట్టెకు కొత్త వైరు అక్కడే కొన్నాను.

ఆదివారమైతే ఎర్రగడ్డ సంతకు వెళ్ళవచ్చు. గురువారమైతే జుమ్మెరాత్ బజారు. రెండూ పాత సామాన్ల సంతలే. నేలమీద పరిచిన గోనెపట్టాల మీద తాళంచెవులు, గడియారాలు, రిమోట్లు, బొమ్మకార్లు రాసులు పోసి వుంటాయి. అక్కడికి పొద్దున్నే వెళ్ళాలి. అడిగితే లేదంటారు, కాబట్టి వంగి కళ్ళతో వెతుక్కోవాలి. ఎర్రగడ్డలో ఒక రిమోట్ల గుట్ట అడుగున నాకు ఒక బాతులవేట క్యాసెట్టు దొరికింది. దానికి తుపాకీ కూడా కావాలి, ఆ తుపాకీ పాత గాజు టీవీ ముందే పనిచేస్తుంది, కొత్త పలచని టీవీ ముందు పనిచెయ్యదు. ఈ సంగతి తెలియక కొని బాధపడేవాళ్ళు చాలామంది.

మా ప్రాంతంవారికి చెన్నపట్నం కూడా దూరం కాదు, ఒంగోలు చేరితే రైలే రైలు. అక్కడ పాతవస్తువుల పుట్టిల్లు మూర్‌మార్కెట్టు 1985 మే నెలలో కాలిపోయింది. ఎలక్ట్రానిక్ సామానుకు ఇప్పుడు రిచీస్ట్రీటు వుంది. మా నాన్నగారు వెళ్ళిన బర్మాబజారు 1969లో బర్మానుంచి వచ్చిన కాందిశీకుల కోసం ఏర్పడింది. వేరే పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆ రెండూ తిరిగాను. బర్మాబజారులో మా నాన్నగారు కొన్న దుకాణం ఏదో నాకు తెలియదు. అయినా ప్రతి దుకాణం ముందూ ఒక క్షణం నిలబడ్డాను. పసుపుపచ్చ క్యాసెట్లు దొరికాయి, అవి కొత్తగా చేసినవి. అవును, ఆ నకళ్ళు ఈనాటికీ తయారవుతున్నాయి. వట్టి ఆట కావలసినవారికి అవి చాలు. నాకు పాతది కావాలి.

ఇంకా దూరం పోగలవారికి ఢిల్లీలో పాలికాబజారు, బొంబాయిలో లామింగ్టన్ రోడ్డు వున్నాయి. జపాను వెళ్ళే భాగ్యం కలిగితే టోకియోలోని అకిహబరా పేటలో 'సూపర్ పొటాటో' అనే దుకాణం నిండా ఇవే. ఇంట్లోనుంచి కదలలేనివారికి ఓఎల్‌ఎక్స్ వంటి చోట్ల అమ్మకాల ప్రకటనలు వుంటాయి. ఒకప్పుడు ఈబే భారతీయ విభాగం ఈ పనికి వీలుగా వుండేది, 2018లో అది మూతపడింది. విదేశపు ఈబేలో కొంటే తపాలా ఖర్చూ కస్టమ్స్ సుంకమూ కలిసి, కోడికంటె దిష్టి ఎక్కువవుతుంది. ఎక్కడ కొన్నా సరే, ఆడుతున్నట్టు వీడియో తీసి పంపమనండి. ముందుగా డబ్బు పంపమంటే మాత్రం పంపవద్దు.

మంచిదా, మారువేషమా?

ఈ రెండు నెలల్లో నేను నేర్చుకున్న పాఠాలను మా అమ్మాయికి రోజూ భోజనాల దగ్గర అప్పజెప్పేవాణ్ణి. తొమ్మిదో తరగతి చదువుతున్నది. విని విని దానికి కంఠతా వచ్చేశాయి. చదువరులకు కూడా చెబుతాను.

మొదట పట్టీలు లెక్కపెట్టండి. మన పాత పెట్టెలకు అరవై వుండాలి. పచ్చని చిలుము వుంటే భయం లేదు, పట్టీ అరిగి రాగి లేచిపోతేనే భయం. శుభ్రం చెయ్యటానికి మందులషాపులో దొరికే ఐసోప్రోపైల్ ఆల్కహాలును దూదిపుల్లకు అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. నోటితో వూదవద్దు. మా తరంలో ప్రతి పిల్లవాడూ క్యాసెట్టును వేణువులాగా వూదినవాడే, పలకను ఉమ్మితో తుడిచినట్టే అదీ ఒక అలవాటు. నిజానికి వూదటంవల్ల ఆట రాలేదు, తీసి మళ్ళీ పెట్టటంవల్ల వచ్చింది. నోటి తడి పట్టీలకు చెరుపే చేస్తుందని నింటెండోవారే హెచ్చరించారు.

రెండోది, అంకెలను నమ్మవద్దు. '9999 ఇన్ 1' అని వుంటే అందులో ఆటలు పదో పదిహేనో వుంటాయి, మిగతావన్నీ వాటికే పెట్టిన మారుపేర్లు. మూడోది, పైబొమ్మను నమ్మవద్దు. లేబుల్ కాంట్రాది, లోపలిది మరొకటి కావటం కద్దు. దుకాణంలోనే పెట్టి ఆడించమని అడగండి. మర విప్పి చూడనిస్తే ఇంకా మంచిది. నింటెండోవారి అసలు క్యాసెట్టులో అక్షరాలు ముద్రించిన నల్లని చిప్పులు కాళ్ళతోసహా కనిపిస్తాయి. నకలులో చాలావరకు ఒక నల్లని తారుబొట్టు పెట్టినట్టు వుంటుంది. చేతిలో పట్టుకు ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ క్యాసెట్లయితే విప్పనక్కరలేదు. పట్టీల పైన సన్నని అక్షరాలలో నింటెండో పేరు వున్నదీ లేనిదీ నోటిలోంచే చూడవచ్చు.

నాలుగోది, ఆడిన ఆటను జ్ఞాపకం పెట్టుకునే పెద్ద ఆటల క్యాసెట్లలో లోపల గుండ్రని బిళ్ళ బ్యాటరీ వుంటుంది. 1987లో అమెరికాలో వచ్చిన 'లెజెండ్ ఆఫ్ జెల్డా' అటువంటిదే. ఆ బ్యాటరీ ఎప్పుడో ఒకనాడు చచ్చిపోతుంది. మెకానిక్కు కొత్తది అతికించగలడు, పాత జ్ఞాపకాన్ని మాత్రం తెచ్చి ఇవ్వలేడు. ఆట మాత్రం చెరగదు. అది ఫ్యాక్టరీలోనే చిప్పులో అచ్చొత్తినది. పలకమీద రాసినది కాదు, పలకలో చెక్కినది అనుకోండి. మేరియో ఆట మొత్తం నలభై కిలోబైట్లు. ఈనాడు సెల్లులో తీసే ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లు పెద్దది.

అయిదోది, ధర. మా విద్యార్థి ఒకడు నా వెతుకులాట విని, వాళ్ళింట్లోని మేరియో క్యాసెట్టును గుడ్డలో చుట్టుకుని స్టాఫ్‌రూముకు తెచ్చాడు. "సార్, ఇది పదిహేను కోట్లంట గదా, ఫోనులో చూశా" అన్నాడు. వాడు చూసినది అబద్ధం కాదు. 2021 ఆగస్టులో ఒక మేరియో క్యాసెట్టు ఇరవై లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కాని అది అమెరికాలో అచ్చయిన అసలు సరుకు, పైకాగితం కూడా చింపనిది, ఎవరూ ఒక్కసారైనా ఆడనిది. మన ఇళ్ళలో వున్నది నకలు, పదిమంది పిల్లలు చేతులు మార్చి మార్చి ఆడినది. దీనికి నాలుగువందలు వస్తే ఎక్కువ. ఈ మాట చెబితే వాడి మొహం చిన్నబోయింది. వాళ్ళ నాన్న పలకల మిషను దగ్గర పనిచేస్తాడు. వచ్చే నెల ఫీజు దానితో కట్టవచ్చునని అనుకున్నాడని తరువాత తెలిసింది. ఆ ఫీజు సంగతి మేం నలుగురం చూసుకున్నాం. క్యాసెట్టు నేను కొంటానన్నా వాడు ఇవ్వలేదు. "అయితే మా అక్కకే వుంచుతా సార్, అది ఆమెది" అన్నాడు. ఆ మాట నన్ను గుచ్చింది.

విలువ లేదని పారేసినవాటికి కూడా ఒకనాడు విలువ రావచ్చు. 1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లను అమెరికాలో న్యూమెక్సికో ఎడారిలో గోయి తీసి పూడ్చిపెట్టింది. 2014 ఏప్రిల్‌లో దాన్ని తవ్వి, సుమారు పదమూడువందలు బయటికి తీశారు. వాటిలో ఒకటి ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో వుంది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటలలో నూటికి ఎనభై ఏడు ఈనాడు బజారులో కొనటానికి దొరకవని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అసలు ఆటల గతే అట్లా వుంటే, మన నకళ్ళకు దిక్కెవరు? మన అటకలే.

గిన్నె సంగతి

చివరకు నాకు కావలసినది గిద్దలూరులో దొరికింది. ముప్ఫై ఏళ్ళుగా టీవీలు బాగుచేస్తున్న ఒక పెద్దాయన గోనెసంచి బోర్లించాడు. ముప్ఫై నలభై క్యాసెట్లు జలజలా రాలాయి. వాటిలో పసుపుపచ్చది ఒకటి. మీసాల మేరియో, పక్కన 64 ఇన్ 1. తిప్పి చూశాను. వెనకవైపు నున్నగా వుంది. మా వాడిది కాదు, అయినా అచ్చు అదే. "ఎంత?" అంటే, "ఎవుర్దో ఏందో సార్, వందీండి" అన్నాడు. అక్కడే టీవీకి పెట్టి చూపించాడు. పాట మొదలయింది. దుకాణం ముందు అరుగుమీద కూర్చున్న ఇద్దరు నడివయస్సువాళ్ళు లేచి లోపలికి వచ్చారు.

ఇక నేను ఎందుకు నవ్వలేదో చెప్పాలి. 1997లో నేను ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. స్నేహితులు ఒంగోలు వెళ్ళి సినిమా చూసి వద్దామన్నారు. డబ్బు లేదు. మా తమ్ముడి క్యాసెట్టును ఒక కుర్రవాడికి ఎనభై రూపాయలకు అమ్మేశాను. ఆ వారంలోనే మా అమ్మ పాతబట్టలూ పాత ప్లాస్టిక్ సామానూ వేసి, వీధిలోకి వచ్చిన ఆమె దగ్గర ఒక స్టీలుగిన్నె తీసుకుంది. ఇల్లంతా వెతికి, ఏడ్చి, మా తమ్ముడు ఆ గిన్నెను చూశాడు. "నువ్వే వేసేశావు" అన్నాడు అమ్మతో. నెలరోజులు ఆ గిన్నెలో వండిన కూర ముట్టలేదు. నేను నోరు విప్పలేదు. పాతికేళ్ళు దాటింది. కోపం పోయి అది మా ఇంట్లో హాస్యమయింది. హాస్యమైనకొద్దీ నాకు చెప్పటం మరీ కష్టమయింది.

గిద్దలూరునుంచి వచ్చిన రాత్రి మా అమ్మాయి కంపాసుపెట్టె తెరిచి, ముల్లు తీసుకుని, క్యాసెట్టు వెనక మా తమ్ముడి పేరులో మొదటి అక్షరం గియ్యబోయాను. అటకమీద దొరికిందని చెబితే వాడికి సంతోషం, అమ్మకూ మాట పోతుంది గదా అనుకున్నాను. "ఏం చేస్తున్నావు నాన్నా?" అని మా అమ్మాయి వెనకనుంచి అడిగింది. బాబాయికి చిన్న తమాషా అన్నాను. అది కాసేపు చూసి, "అంటే లేబుల్ మార్చిన క్యాసెట్టు అన్నమాట" అంది. వేళాకోళానికే అన్నది, దానికేమీ తెలియదు. నేను ముల్లు పెట్టెలో పెట్టేశాను.

మరునాడు ఆదివారం. అమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. పక్కన ఆ గిన్నే వుంది. దగ్గర కూర్చుని సంగతంతా చెప్పాను. చెయ్యి ఆపకుండానే విన్నది. తరువాత చాలాసేపటికి, "మూడు చీరలు, మీ నాన్న ప్యాంటు ఒకటి, పగిలిన బక్కెట్టు వేశాను పెద్దోడా. క్యాసెట్టు వేసినట్టు నాకు గుర్తులేదు. గుర్తులేకపోతే వెయ్యలేదని ఎట్లా అనేది? చిన్నోడు అంత ఏడిస్తిరి, వేసే వుంటాననుకున్నా" అన్నది. ఇన్నేళ్ళూ ఆమె నవ్వింది మా తమ్ముడి హాస్యానికి కాదని నాకు అప్పుడు తెలిసింది. నేను ఏదో అనబోతే, "నాకు చెప్పావుగా. వాడికి కూడా నువ్వే చెప్పు" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి ఫోను చేశాను, వాళ్ళకు పొద్దున. చెప్పటం అయినతరువాత అవతలనుంచి మాట లేదు. లైను తెగిందేమోననుకున్నాను. "ఏం సినిమా?" అన్నాడు. పేరు చెప్పాను. "బాగుందా?" అన్నాడు. "గుర్తులేదురా" అన్నాను. ఇంకొంచెంసేపు వూరుకుని, "ఫోను అమ్మకివ్వు అన్నయ్యా" అన్నాడు. ఇచ్చి నేను వీధి అరుగుమీదికి వచ్చేశాను. అరగంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

మే నెలలో వాళ్ళు వస్తున్నారు. పెట్టెకు కొత్త వైరు వేయించాను. కొత్త టీవీకి తగిలించేందుకు చిన్న మార్పిడి డబ్బా కూడా కొన్నాను. గిద్దలూరు క్యాసెట్టు వెనకవైపు ఇప్పటికీ నున్నగానే వుంది. అక్షరం గీస్తే మా వాడే గీసుకుంటాడు.

చదువరులకు ఒక్క మనవి. వచ్చే పండక్కి వెల్లవేయించేముందు అటకమీది సామాను కిందికి దించుతారు గదా, అందులో ఇటువంటి డబ్బా కనిపిస్తే ఆటోవాడికి వెయ్యకండి. వెయ్యక తప్పకపోతే, అది ఎవరిదో వాళ్ళను ఒక్కమాట అడిగి వెయ్యండి.